హాజరు కానివాళ్ల జాబితా

(విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల చాప్టర్లు, అంటే సంఘం శాఖలు, నడిపే కార్యకర్తల సమావేశంలో ఒక చాప్టర్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక మాట అడిగారు. "మహమ్మారి రోజుల్లో మీ చాప్టర్ చెదిరిపోకుండా ఎలా నిలబెట్టుకున్నారో చెప్పండి, మిగతావాళ్లకి పనికొస్తుంది" అని. వెంటనే సరేననలేకపోయాను. మేం నిలబెట్టామా, అదే నిలబడిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు మరి. పైగా మొదటి ఏడాది మేం చేసిన పనుల్లో సగం ఉత్త హడావుడి. ముందు ఆ సగం గురించే చెబుతాను. మీలో చాలామంది అదే చేసి ఉంటారని నా అనుమానం.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అంది. ఆ రోజుకి మా వార్షిక సమావేశం ఇంకా పద్దెనిమిది రోజుల్లో ఉంది. హాలుకి అడ్వాన్స్ కట్టేశాం. బ్యాడ్జీలు అచ్చయ్యాయి. చదువు ముగించి నలభై ఏళ్లయిన బ్యాచ్‌కి ఇవ్వాల్సిన జ్ఞాపికలు మా ఇంటి ముందుగదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. కమిటీ కూర్చుని "ఒక నెల వాయిదా" అని తీర్మానం రాసింది. ఆ పేజీ మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ ఉంది, తిరగేసినప్పుడల్లా నవ్వొస్తుంది. జ్ఞాపికలు రెండేళ్లకు పైగా ఆ పెట్టెల్లోనే ఉండిపోయాయి. చివరికి ఇచ్చే రోజు వచ్చేసరికి వాటిమీద చెక్కించిన సంవత్సరం తప్పయింది. ఆ బ్యాచ్‌వాళ్లు మాత్రం "తప్పు సంవత్సరమే బాగుంది, రెండేళ్లు వయసు తగ్గింది" అన్నారు.

(నవ్వులు)

సరే, అందరిలాగే మేమూ జూమ్ మీద పడ్డాం. 2019 డిసెంబరులో రోజుకి కోటిగా ఉన్న మీటింగుల హాజరు 2020 ఏప్రిల్‌కి 30 కోట్లు దాటిందని ఆ కంపెనీయే ప్రకటించింది. అది మనుషుల లెక్క కాదు, హాజరు లెక్క. ఒకే మనిషి రోజులో ఐదు మీటింగులకి వెళితే ఐదుసార్లు లెక్కకొస్తాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మాది ఉచిత ఖాతా. గ్రూప్ మీటింగుకి నలభై నిమిషాలే గడువు. ఆ సంగతి మా కోశాధికారికి తెలుసు, మిగతా కమిటీకి తెలియదు. డబ్బు మిగులుతుంది కదా అని ఆయన మాకా సంగతి చెప్పలేదు. మొదటి మీటింగుకి ఎనభై మందికి పైగా వచ్చారు. మొదటి పావుగంట "వినపడుతోందా", "మీరు మ్యూట్‌లో ఉన్నారు", "వీడియో ఆన్ చెయ్యి, ఎంత తెల్లబడ్డావో చూద్దాం" వీటితోనే పోయింది. ఎవరింట్లోనో టీవీ మోగుతోంది, ఎవరింట్లోనో తెలియదు. ఒక సీనియర్ కెమెరా ముందు నుదురు మాత్రమే పెట్టుకుని మాట్లాడారు. ఆయన తమ ప్రొఫెసర్ గురించి చెబుతూ, మంచి పట్టు మీద ఉండగా, "అప్పుడు సార్ నా వైపు తిరిగి ఏమన్నారో తెలుసా" అన్నారు. తెర ఆరిపోయింది. నలభై నిమిషాలు అయిపోయాయి. ఆ సార్ ఏమన్నారో మాకు ఈనాటికీ తెలియదు. మళ్లీ లింక్ పంపి అందరినీ పోగేసేసరికి ఆయన పడుకున్నారు.

అయినా ఆ రాత్రి అందరం ఆనందంగా ఉన్నాం. ముప్ఫై ఏళ్లుగా చూడని ముఖాలు కనిపించాయి. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు తెల్లవారుజామున లేచి వచ్చారు. "హాలులో కలిసినప్పుడు కూడా ఇంతమంది రాలేదు, ఇదే మేలు" అని ఎవరో అన్నారు. నేనూ నమ్మాను. నెలకి ఒకటి అనుకున్నది రెండు వారాలకి ఒకటి చేశాం. క్విజ్ పెట్టాం. పాటల సాయంత్రం పెట్టాం. రోగనిరోధక శక్తి మీద వెబినార్, ఇంటి నుంచి పని మీద వెబినార్, వెబినార్ల అలసట మీద కూడా ఒక వెబినార్. ఒట్టు, నిజంగానే పెట్టాం.

మూడో నెలకి హాజరు సగమైంది. ఆరో నెలకి ఇరవై మంది.

జనం తెరల ముందు విసిగిపోయారని సర్దిచెప్పుకున్నాం. అందులో నిజం లేకపోలేదు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ అనే ఆచార్యుడు 2021లో ఈ అలసట మీద ఒక వ్యాసం రాశారు. అంతమంది ముఖాలు అంత దగ్గరగా కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నట్టుండటం, గంటల తరబడి మన ముఖం మనకే కనపడుతూ ఉండటం, కుర్చీలోంచి కదలలేకపోవడం, మామూలుగా తల ఊపితే సరిపోయేదానికి తెర మీద అదనంగా కష్టపడాల్సి రావడం అని ఆయన కారణాలు చెప్పారు. అది చదివాక మీటింగు కుదించాం, కెమెరా ఎవరిష్టం వాళ్లదన్నాం. కొంచెం తేలికపడింది. హాజరు మాత్రం పెరగలేదు.

అప్పుడు ఒకరోజు ఆ ఇరవై మంది పేర్లు కాగితం మీద రాసుకున్నాను. చూస్తే వాళ్లందరూ మహమ్మారికి ముందు కూడా ప్రతి సమావేశానికీ వచ్చే ఇరవై మందే. వాళ్లకి ఒకరి నంబర్లు ఒకరి దగ్గర ఉన్నాయి, చాప్టర్ ఉన్నా లేకపోయినా మాట్లాడుకుంటారు. అంటే అన్నాళ్లూ మేం కలిసి ఉన్నవాళ్లనే కలిపాం. జూమ్ వాళ్ల 30 కోట్ల లెక్క లాగే మాదీ హాజరు లెక్క అయిపోయింది. వచ్చినవాళ్లనే మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాం. రానివాళ్ల లెక్క మా దగ్గర లేనే లేదు.

ఇది నాకు బుద్ధితో తట్టిన విషయంలా చెబుతున్నాను కానీ కాదు. నా చేత్తో నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

మా వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే పని నాది. పేరు, బ్యాచ్, విభాగం, పాత ఫొటో పెట్టి ఒక పోస్టర్. అంతా ఎక్సెల్ షీటులో ఉంటుంది. రాత్రి పదకొండున్నరకి కూర్చుని మర్నాటి పోస్టర్ తయారుచేసి, పన్నెండు దాటగానే వేసి పడుకునేవాణ్ణి. ముందుగా నేనే వేయాలన్న చిన్న పిచ్చి కూడా ఉండేది. ఒక రాత్రి అలాగే ఒకాయన పోస్టర్ వేశాను. పొద్దున లేచేసరికి నలభై మంది కేకు బొమ్మలూ, పూలగుత్తి బొమ్మలూ పెట్టారు. "నూరేళ్లు చల్లగా ఉండాలి" అని ఒకరు రాశారు. తొమ్మిది గంటలకి ఆయన నంబరు నుంచే గ్రూపులోకి మెసేజ్ వచ్చింది.

"నమస్కారం. నేను ఆయన భార్యని. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. మీకెవరికీ తెలిసినట్టు లేదు. శుభాకాంక్షలు చెప్పినందుకు కృతజ్ఞతలు."

అంతే. ఆమె కోపంగా రాయలేదు. ఆ "కృతజ్ఞతలు" చదివాక నాకు చేతులు ఆడలేదు. పోస్టర్ డిలీట్ చేద్దామంటే గడువు దాటిపోయింది. నా వెనక గ్రూపులో ఒక్కొక్కరే కేకులు తీసేసి దండాలు పెట్టడం మొదలుపెట్టారు. కొందరు పైకి చదవకుండా అప్పటికీ శుభాకాంక్షలు రాస్తూనే ఉన్నారు. మధ్యాహ్నందాకా ఆగలేదు అది.

తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో తరువాత చూశాను. వందలు. ఆయన గురించి ఒక్కటీ లేదు. ఆయన చివరిసారి ఎవరితో మాట్లాడారని బ్యాచ్‌లో అడిగితే, "నాతో కాదు, వాడితో అనుకుంటా" అని ఒకరి తరువాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. రెండు మీటింగులకి ఆయన రాలేదని కూడా మాలో ఎవరూ గమనించలేదు.

ఆ వారం పోస్టర్లు ఆపేశాం. మీటింగులూ ఆపేశాం. ఫోన్లు మొదలుపెట్టాం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో అమెరికాలో టెలిఫోన్ కంపెనీలు పత్రికల్లో ప్రకటనలు ఇచ్చాయి, తప్పనిసరైతే తప్ప ఫోన్ చేయకండి అని. కాల్ కలపాల్సిన ఆపరేటర్లే జబ్బుపడి మంచాలెక్కారు. మాట్లాడదామని జనానికి ఉంది, కలిపేవాళ్లు లేరు. మనకి వందేళ్ల తరువాత తీగ కూడా అక్కర్లేదు, కలిపే మనిషీ అక్కర్లేదు. అయినా పక్కవాడికి మనం ఫోన్ చేయలేదు, ఫార్వర్డ్ చేశాం.

ఫోన్లు చేద్దామని కూర్చుంటే ముందు బయటపడింది మా జాబితా సంగతి. వాట్సాప్ గ్రూపుకి అప్పట్లో 256 మందే పరిమితి. అది నిండిపోయాక ఎవరైనా బయటికి వెళితే తప్ప కొత్తవాళ్లని చేర్చలేకపోయేవాళ్లం. రెండో గ్రూపు పెట్టాం. కాని పెద్దవాళ్లంతా మొదటిదాంట్లో, కొత్త బ్యాచ్‌లన్నీ రెండోదాంట్లో ఉండిపోయి, రెండూ ఒకదానికొకటి సంబంధం లేని ఊళ్లయ్యాయి. ఈ రెండిట్లోనూ లేనివాళ్లు మూడో రకం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, గొడవపడి వెళ్లిపోయినవాళ్లు, నంబరు మారినవాళ్లు.

ఎక్సెల్ షీటులో ఉన్న నంబర్లలో చాలా వరకు పని చేయనివే. ఇళ్లలో ల్యాండ్‌లైన్లు తీసేసి పదేళ్లయినా మా దగ్గర అవే ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకొకటి ఉంది, ఇది మీ జాబితాల్లోనూ తప్పక ఉంటుంది, ఇంటికెళ్లి చూసుకోండి. సభ్యత్వం తీసుకునేటప్పుడు జనం దర్జాగా ఆఫీసు ఈమెయిల్ ఇస్తారు. ఉద్యోగం పోయిన రోజున ఆ ఈమెయిల్ కూడా పోతుంది. 2020లో ఉద్యోగాలు పోయినవాళ్లకి మేం పంపిన "సాయం కావాలంటే చెప్పండి" అనే ఈమెయిల్ ఒక్కటీ చేరలేదు. ఉద్యోగాలు ఉన్నవాళ్లందరికీ చక్కగా చేరింది.

ఈ జాబితా బాగుచేయడానికే ఐదు వారాలు పట్టింది. ఒక బ్యాచ్‌లో ఒకరు దొరికితే ఆయన్ని పట్టుకుని ఇంకో ఇద్దరి నంబర్లు, వాళ్ల ద్వారా ఇంకో నలుగురివి. విసుగు పుట్టించే పని. దీనికి ఫొటో దిగరు, ఎవరూ శాలువా కప్పరు. చాప్టర్‌లో చేసిన పనులన్నిటిలో నేను గర్వపడేది దీని గురించే.

ఫోన్ చేయడానికి కొత్త బ్యాచ్‌లవాళ్లని అడిగాం. 2020లో చదువు ముగించినవాళ్లు. పాపం, వాళ్లది విచిత్రమైన పరిస్థితి. ఆఖరి సెమిస్టర్ ల్యాప్‌టాప్‌లో, వీడ్కోలు ల్యాప్‌టాప్‌లో. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, చేరే తేదీ మాత్రం వెనక్కి జరుగుతూనే ఉంది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక సతమతమవుతున్నారు. ఒక్కొక్కరికి పది పేర్లు ఇచ్చాం. తమ బ్యాచ్‌వి కాదు, ముప్ఫై నలభై ఏళ్ల కిందటి బ్యాచ్‌లవి. వీళ్లు బిడియపడతారనుకున్నాను. బిడియపడింది పెద్దవాళ్లే.

మొదటి పది ఫోన్లు ఎలా ఉంటాయో చూద్దామని నేనే చేశాను. 1960లలో చదువు ముగించిన ఒక పెద్దాయనతో మొదలుపెట్టాను.

"సార్, నమస్కారం. చాప్టర్ నుంచి..."

"చెప్పు బాబూ. ఈసారి దేనికి? ఎంత పంపమంటావ్?"

"డబ్బు కోసం కాదు సార్. మీరెలా ఉన్నారో కనుక్కుందామని చేశాను."

"అదేలే. ఎంత?"

నాకు నోట మాట రాలేదు. ఆయన ఎగతాళి చేయలేదు. ఇన్నేళ్లలో చాప్టర్ నుంచి ఆయనకి వచ్చిన ప్రతి ఫోనూ చందా కోసమే వచ్చింది. భవనం నిధి, స్కాలర్‌షిప్ నిధి, సావనీర్‌లో ప్రకటన. మూడోసారి చెబితే గాని నమ్మలేదు. నమ్మాక మాత్రం నలభై నిమిషాలు మాట్లాడారు, ఉచిత జూమ్ ఖాతాలాగా. మాట మధ్యలో, అదేమంత పెద్ద విషయం కానట్టు చెప్పారు: కళ్లద్దాలు విరిగి రెండు నెలలైంది, కొట్లు మూసేశారు, మాత్రల పేర్లు చదవలేక రంగు చూసి వేసుకుంటున్నాను అని. "తెల్లవి రెండు రకాలున్నాయి, అదొక్కటే ఇబ్బంది" అన్నారు.

అప్పటికి ఆయన బాగున్నారా అని నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "బ్రహ్మాండంగా ఉన్నాను" అనే చెప్పారు.

ఆ సాయంత్రం మా కొత్త బ్యాచ్ అమ్మాయి ఒకామె వీడియో కాల్ చేసి, ఆయన ఒక్కో మాత్రల అట్ట కెమెరా ముందు పెడుతుంటే, పేరు చదివి, డాక్టరు చీటీతో సరిచూసి, కవర్ల మీద స్కెచ్ పెన్నుతో ఎంత పెద్ద అక్షరాలు రాయాలో చెప్పి రాయించింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అద్దాలు రావడానికి ఇంకో పది రోజులు పట్టింది.

దీని తరువాత ఫోన్ చేసేవాళ్లకి రెండు మాటలు చెప్పాం. ఒకటి, ఈ ఫోన్‌లో చందా మాట ఎత్తకూడదు, వాళ్లంతట వాళ్లు ఇస్తామన్నా ఇంకోసారి మాట్లాడదాం అనాలి. రెండు, "బాగున్నారా" అని అడిగి ఊరుకోకూడదు. మన భాషలో ఆ ప్రశ్నకి జవాబు ముందే రాసిపెట్టి ఉంది, "బాగున్నాం" తప్ప ఇంకేమీ రాదు. ఇంట్లో ఎవరెవరున్నారు అని అడగండి. మందులూ సరుకులూ ఎవరు తెస్తున్నారు అని అడగండి. రాత్రిపూట ఏదైనా అవసరమైతే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు అని అడగండి. ఈ మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోయేవారు. ఆ ఆగడాన్ని షీటులో రాసుకోమన్నాం. ఆగినవాళ్లకి వారానికోసారి, మిగతావాళ్లకి నెలకోసారి.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. "నా నంబరు ఎవరిచ్చారు?" అని కోప్పడి పెట్టేసినవాళ్లున్నారు. ఒక కార్యకర్త తన పది పేర్లకి బదులు మొత్తం షీటుని పొరపాటున గ్రూపులో పెట్టేశాడు. అరగంటలో తీసేశాం, కాని ఆ అరగంట చాలు. వారం తిరక్కుండా సభ్యులందరికీ మా సభ్యుడే ఒకాయన దగ్గర్నుంచి బీమా పాలసీ మెసేజ్‌లు మొదలయ్యాయి. క్షమాపణ చెప్పుకోవడానికే మళ్లీ అందరికీ ఫోన్ చేశాం. అప్పట్నుంచి ఎవరి పది పేర్లు వాళ్లకే. పూర్తి షీటు ఇద్దరి దగ్గరే ఉంటుంది.

సమాచారం ఫార్వర్డ్ చేయడం గురించి ఒక్క నిమిషం. 2020 ఏప్రిల్‌లోనే వాట్సాప్, బాగా తిరిగిన మెసేజ్‌లని ఒకసారికి ఒక చాట్‌కే పంపేలా కట్టడి చేసింది. అయినా ఆసుపత్రి పడకలు, ఆక్సిజన్, మందులు దొరికే నంబర్లంటూ వచ్చినవాటిలో చాలావాటికి ఫోన్ చేస్తే మోగేవి కావు. ఆపదలో ఉన్న మనిషి చేత అలాంటి పది నంబర్లకి ఫోన్ చేయించడం ఎంత క్రూరమో ఆలోచించండి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు పెట్టినా ముందు తామే ఆ నంబరుకి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి చేశారో పక్కన రాసి మరీ పెట్టాలి. "సాయంత్రం 6:10కి మాట్లాడాను, ఉంది." ఆ ఒక్క వాక్యం లేని మెసేజ్‌ని అడ్మిన్ తీసేస్తాడు. గ్రూపులో మెసేజ్‌లు పదో వంతుకి పడిపోయాయి, పనికొచ్చేవి అవే మిగిలాయి. మా డాక్టర్ సభ్యులకి రోజూ వందల ప్రశ్నలు వచ్చేవి, వాళ్లు అసలే డ్యూటీల్లో నలిగిపోతున్నారు. వాళ్ల నంబర్లు ఎవరికీ ఇవ్వకుండా, వారానికి రెండు రోజులు ఒక్కో గంట పెట్టాం. సహాయ నిధి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. విడి ఖాతా, ప్రతి నెలా లెక్క, పుచ్చుకున్నవాళ్ల పేర్లు కమిటీలో ముగ్గురికి మించి తెలియకూడదు. అంతే.

గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. వాటిని నిషేధించాలని కమిటీలో రెండుసార్లు ప్రతిపాదించింది నేనే. మా సీనియర్ ఒకాయన రోజూ ఆరింటికి సూర్యోదయం బొమ్మ పెట్టేవారు. ఒకసారి వరసగా రెండు రోజులు రాలేదు. ఎవరో గమనించి ఫోన్ చేశారు, ఎత్తలేదు. పక్కింటివాళ్లని కనుక్కుంటే జ్వరంతో లేవలేక పడి ఉన్నారు. కోలుకుని వచ్చాక మళ్లీ ఆరింటికి సూర్యోదయం. నా ప్రతిపాదన నేను వెనక్కి తీసుకున్నాను.

ఉద్యోగాల సంగతి దగ్గరికి వస్తాను. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగిన ఒక ప్రశ్న గురించి రాశారు. ఆ కబురు చెప్పిన మనిషిని మీరు అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు అని. తరచుగా కలిసేవాళ్లం అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. ఆయన లెక్కలో అరుదుగా అంటే ఏడాదికి ఒకసారో, అంతకంటే తక్కువో. మన వార్షిక సమావేశం సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. రోజూ మాట్లాడే స్నేహితుడికి మనకి తెలిసిందే తెలుస్తుంది, వాడూ మన చుట్టూ ఉన్న నలుగురిలోనే తిరుగుతాడు. ఎప్పుడో కలిసేవాడు వేరే లోకంలోంచి వస్తాడు, అక్కడి కబురు తెస్తాడు.

ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో దగ్గరివాళ్లు ఇంకా దగ్గరయ్యారు. రోజూ వీడియో కాల్ చేసుకున్నారు. తెగిపోయింది ఈ ఏడాదికోసారి బంధాలే. హాలు బయట చెయ్యి కడుక్కుంటూ "ఏం చేస్తున్నావిప్పుడు?" అని అడిగే మనిషి మాయమైపోయాడు. చాప్టర్ తయారుచేసే సరుకే అది కదా. మా ఫోన్ల వల్ల ఇది అనుకోకుండా మళ్లీ అతుక్కుంది. పెద్దాయన మందుల గురించి అడగబోయిన కుర్రాడిని "నువ్వేం చేస్తున్నావు నాయనా?" అని ఆయన అడిగేవారు. "చేరే తేదీ ఇవ్వలేదు సార్." "మా అల్లుడికి చెబుతాను, నీ బయోడేటా పంపు." చాప్టర్ ఉద్యోగ విభాగం అని మేం ముందే ఒకటి పెట్టి, ఫారం తయారుచేసి, లోగో కూడా వేశాం. దాని ద్వారా ఎవరికీ ఏమీ దొరకలేదు. దొరికినవన్నీ ఇలా దొరికినవే. నా అనుభవం ఇది, మీది వేరైతే చర్చలో చెప్పండి.

ఇంకొకటి, సంతాప సభలు. పుట్టినరోజు పోస్టర్ తరువాత, ఎవరైనా పోయారని వింటే కుటుంబంలో ఒకరితో మాట్లాడి, వాళ్ల అనుమతితోనే గ్రూపులో పెట్టాలని నియమం చేశాం. ఆన్‌లైన్ సంతాప సభకి నేను మొదట ఒప్పుకోలేదు. ఏడుపు మ్యూట్‌లో ఏమిటి అనిపించింది. కాని మొదటి సభ నా అభిప్రాయాన్ని మార్చేసింది. తీర్మానం చదివి, రెండు నిమిషాలు మౌనం పాటించి ముగిద్దామనుకున్నాం. పోయినాయన హాస్టల్ రూమ్మేట్ మాట్లాడుతూ, వాళ్లిద్దరికీ కలిపి ఒకే మంచి చొక్కా ఉండేదని, ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూలు పడితే పొద్దున ఈయన వేసుకెళ్లి, మధ్యాహ్నానికి పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర విప్పి ఇచ్చాడని చెప్పారు. తెర మీద ఒక చిన్న గడిలో పోయినాయన కొడుకూ కూతురూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అంతసేపూ తల వంచుకుని ఉన్న అబ్బాయి తలెత్తి నవ్వాడు. "నాన్న మాకెప్పుడూ ఇది చెప్పలేదు" అన్నాడు. వాళ్లకి తెలిసింది ఒక గంభీరమైన తండ్రి. చొక్కా విప్పి ఇచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడిని వాళ్లు మొదటిసారి చూశారు. ఆ సభ రెండున్నర గంటలు సాగింది. ఎవరూ వెళ్లలేదు, ఎవరూ వాచీ చూడలేదు. రికార్డింగు కుటుంబానికే ఇచ్చాం, మా దగ్గర ఉంచుకోలేదు.

తరువాత ప్రతి సభా అలాగే చేశాం. అధ్యక్షోపన్యాసం లేదు. రూమ్మేట్‌నో, ల్యాబ్ పార్ట్‌నర్‌నో ముందే వెతికి, ఒక్క సంఘటన చెప్పమంటాం. "మంచి మనిషి" అనొద్దు, ఏం చేశాడో చెప్పండి అంటాం. వెతకడానికి మళ్లీ ఆ షీటే దిక్కు.

పూర్వ విద్యార్థికి ఇంగ్లీషులో వాడే అలమ్నస్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. పోషించడం అనే అర్థమున్న ధాతువు దానికి మూలం, పెంచి పెద్దచేసిన బిడ్డ అని అర్థం. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్న అన్నిటికంటే పాత పూర్వ విద్యార్థుల సంఘం అమెరికాలో విలియమ్స్ కాలేజీది. 1821లో ఆ కాలేజీ అధ్యక్షుడే కొందరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వేరే కాలేజీ పెట్టడానికి వెళ్లిపోతే, ఇది మూతపడుతుందేమోనని చదివిపోయినవాళ్లు కూడి సంఘం కట్టారు. అంటే మనం చేసే ఈ పని పుట్టిందే ఒక కష్టంలో. విందులూ, జ్ఞాపికలూ తరువాత వచ్చి చేరాయి. విందులంటే నాకేమీ వ్యతిరేకత లేదు, నేను ముందు వరసలోనే ఉంటాను.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అప్పటికే మేం హాలులో కలవడం మొదలుపెట్టాం. కొత్త తలనొప్పి ఏమిటంటే, సగం మంది హాలులో, సగం మంది తెర మీద. హాలులో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు నవ్వుకుంటుంటే తెర మీదవాళ్లకి మా వీపులే కనిపించేవి. రెండుసార్లు అలా చేసి మానేశాం. ఇప్పుడు హాలు సమావేశం హాలుదే, తెర సమావేశం విడిగా తెరదే. రెండిటినీ ఒక గాటన కట్టొద్దని నా సలహా. మీలో ఎవరికైనా అది కుదిరి ఉంటే ఎలా కుదిరిందో నాకు చెప్పండి, నిజంగా కావాలి.

ఫోన్లు మాత్రం ఆగలేదు. కాస్త పలచబడ్డాయి, ఆ సంగతి దాచను. కొత్త బ్యాచ్‌వాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు, ఖాళీ తగ్గింది. పది పేర్లు ఐదయ్యాయి. ఎక్సెల్ షీటులో పుట్టినరోజు గడి పక్కన "చివరిసారి ఎవరు, ఎప్పుడు మాట్లాడారు" అని ఇంకో గడి పెట్టుకున్నాం. ఆ గడిలో తేదీ మూడు నెలలు దాటితే ఎర్రగా మారుతుంది. కమిటీ సమావేశంలో మొదటి అంశం హాజరు కాదు, ఎర్ర గడులు. పోస్టర్లు మళ్లీ మొదలుపెట్టాను, కాని రాత్రి పన్నెండింటికి వేయను. ముందురోజు సాయంత్రం ఆ మనిషికి ఫోన్ చేసి, గొంతు విన్నాకే మర్నాడు వేస్తాను.

మాత్రల పెద్దాయన ఈమధ్య నాకే ఫోన్ చేశారు. ఎత్తి నమస్కారం చెప్పగానే, "డబ్బు కోసం కాదు బాబూ, నువ్వెలా ఉన్నావో కనుక్కుందామని" అన్నారు.

(నవ్వులు, చప్పట్లు)

నిర్వాహకులు చీటీ చూపిస్తున్నారు, సమయం అయిపోయిందట. ఆ షీటు నమూనా కావాలని పొద్దున కొందరు అడిగారు. బయట బల్ల దగ్గర మా కోశాధికారి ఉన్నారు, పెన్‌డ్రైవ్ ఇస్తే వేసి ఇస్తారు. గడులు మాత్రమే ఉన్న ఖాళీ షీటు అది. పేర్లున్నది అడక్కండి, బీమా పాలసీలు ఇప్పటికే చాలా ఉన్నాయి మాకు. ఇక ప్రశ్నలుంటే అడగండి.